బల్లల యొద్ద పరిచర్య: వృద్ధులకు, దిక్కులేనివారికి ఆహారం చేర్చే సేవకు వాక్యాధారం, చరిత్ర, క్రమం

ఉపోద్ఘాతం

మన తెలుగు సంఘాల్లో అన్నం పెట్టే పని కొత్తది కాదు. క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచుతాం. కోత పండుగకు వచ్చిన ధాన్యం, కూరగాయలు, కోళ్ళు వేలం వేసి ఆ డబ్బులో కొంత బీదలకు ఇస్తాం. ప్రేమ విందులో పక్కవీధి వారికి కూడా విస్తరి వేస్తాం. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు అనేక సంఘాల యౌవనస్థులు బియ్యం, పప్పు, నూనె మూటలు కట్టి ఇంటింటికీ మోసుకుని వెళ్ళారు. వీటన్నిటి కొరకు దేవునికి స్తోత్రం.

అయితే పండుగ మరుసటి రోజు సంగతి ఏమిటి? కొడుకులు పని వెదుక్కుంటూ పట్టణాలకు వెళ్ళిపోగా ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లి, మంచం దిగలేని తండ్రి, బియ్యం ఉన్నా పొయ్యి వెలిగించే ఓపిక లేని విధవరాలు, వీరికి ఏడాదికొక్కసారి వచ్చే సంచి కొన్ని దినాలకు మాత్రమే సరిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఆ తరువాత వారి సంఖ్య పెరిగిందే గాని తగ్గలేదు. వారిలో కొందరు ప్రతి ఆదివారం మన ఆరాధనలో వెనుక వరుసలో కూర్చునేవారే. ఒక వారం వారు రాకపోతే మనలో ఎంతమంది గమనిస్తున్నాం?

ఈ వ్యాసంలో మనం నాలుగు విషయాలు పరిశీలిద్దాం. మొదటిది, అనుదిన ఆహార పరిచర్యను గూర్చి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఏమి బోధిస్తున్నది? రెండవది, ఆది సంఘం దానిని ఎలా ఆచరించింది? మూడవది, తెలుగు నేల మీద ఈ పని మనకు నేర్పిన పాఠం ఏమిటి? నాలుగవది, నేడు ఒక మామూలు గ్రామ సంఘం గాని, పట్టణ సంఘం గాని దీనిని ఏ క్రమంలో చేయవచ్చు?

1. వాక్యాధారం

అపొస్తలుల కార్యములు 6:1-7 మనందరికీ తెలిసిన భాగమే. సాధారణంగా దీనిని పరిచారకుల నియామకాన్ని గూర్చిన భాగంగా బోధిస్తాం. కాని ఈ భాగం మొదలయ్యేది నియామకంతో కాదు, సణుగుతో. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడిచిపెట్టబడ్డారు. ఇక్కడ లూకా వాడిన గ్రీకు క్రియ 'పారథెయోరెయో'. దానికి 'పక్కగా చూచి దాటిపోవుట' అని అర్థం. క్రొత్త నిబంధనలో ఈ మాట మరెక్కడా కనబడదు. పైగా ఆ క్రియ, జరుగుతూ వస్తున్న పనిని తెలిపే కాలంలో ఉంది. అంటే ఏదో ఒక రోజు పొరపాటున ఒకరి వంతు తప్పిపోలేదు, రోజు తరువాత రోజు అదే జరుగుతూ వచ్చింది. ఎవరూ కావాలని వారిని ఆకలితో ఉంచినట్లు లూకా చెప్పడం లేదు. వారు కనబడలేదు, అంతే. మాట వేరు, యాస వేరు, పరిచయాలు తక్కువ. పంచేవారి కన్ను తెలిసినవారి మీద నిలిచింది, తెలియనివారిని దాటిపోయింది.

అపొస్తలులు చేసిన పరిష్కారాన్ని గమనించండి. సణిగినవారిని వారు గద్దించలేదు, ఆ పంపకాన్ని ఆపివేయలేదు, ఇదంతా లౌకికమైన పని అని తోసివేయలేదు. మంచి పేరు గలవారిని, ఆత్మతోను జ్ఞానంతోను నిండినవారిని ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. సమూహం ఎన్నుకున్న ఏడుగురి పేర్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఇవన్నీ గ్రీకు పేర్లే. గ్రీకు పేరు గల వారందరూ గ్రీకు భాషీయులే అని ఖండితంగా చెప్పలేం గాని, విడిచిపెట్టబడిన పక్షానికి చెందినవారి చేతికే సంఘం గరిటె అప్పగించిందని అనేకమంది పండితులు గుర్తించారు. ఇది మన సంఘాలకు చాలా లోతైన పాఠం.

మరొక సంగతి. మొదటి వచనంలో 'అనుదిన పరిచర్య', రెండవ వచనంలో బల్లల యొద్ద పరిచర్య చేయడం, నాలుగవ వచనంలో 'వాక్య పరిచర్య', ఈ మూడింటికీ మూల భాషలో ఉన్నది 'డయాకొనియా' అనే ఒకే మాట కుటుంబం. పని వేరే గాని మాట ఒకటే. కాబట్టి ప్రసంగ పీఠం ఎక్కడం పెద్ద పరిచర్య, క్యారియర్ పట్టుకుని వీధిలో నడవడం చిన్న పరిచర్య అనే భేదానికి ఈ వాక్యభాగంలో ఆధారం లేదు. అపొస్తలులు పని విభజించారు, గౌరవాన్ని విభజించలేదు. బల్లల పని సరిదిద్దబడిన తరువాత ఏడవ వచనంలో వాక్యం వ్యాపించిందనీ శిష్యుల సంఖ్య విస్తరించిందనీ లూకా వ్రాయడం కూడా గమనించదగినది.

ఈ పరిచర్యకు పాత నిబంధన పునాది ఉంది. ద్వితీయోపదేశకాండము 24:19-21లో పొలంలో మరచిపోయిన పన, ఒలీవ చెట్టు మీద మిగిలినవి, ద్రాక్షతోటలో మిగిలినవి పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చెందుతాయి. యజమాని వాటిని దయతో ఇవ్వడం లేదు, ధర్మశాస్త్రం ప్రకారం అవి వారివే. తరువాతి కాలపు యూదుల ఆచారాలను నమోదు చేసిన మిష్నా గ్రంథంలో రెండు ఏర్పాట్లు కనబడతాయి. ఒకటి ఆకలిగా ఉన్నవారికి ఏరోజుకారోజు ఇచ్చే ఆహారపు పళ్ళెం. రెండవది ఊరి బీదలకు వారానికొకసారి ఇచ్చే పెట్టె. రెండు పూటల తిండి ఉన్నవాడు పళ్ళెం నుండి తీసుకోరాదు, పద్నాలుగు పూటల తిండి ఉన్నవాడు పెట్టె నుండి తీసుకోరాదు. పెట్టెలోకి వసూలు చేసేవారు ఇద్దరు, దాని నుండి పంచేవారు ముగ్గురు ఉండాలి. మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడినది గనుక అపొస్తలుల నాటికే ఇదంతా ఇదే రూపంలో ఉన్నదా అనే విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అయినా దానమంటే లెక్క, క్రమం, ఒకరికి మించిన సాక్షులు అనే ఆలోచన ఆ నేలలో పుట్టిందే అని మనం గ్రహించవచ్చు.

1 తిమోతి 5:3-16లో పౌలు ఇంకా వివరంగా వ్రాశాడు. నిజముగా దిక్కులేని విధవరాలు ఎవరో చూడాలి. పిల్లలు గాని మనుమలు గాని ఉంటే మొదట వారు తమ ఇంటివారిని ఆదుకోవాలి. 60 ఏళ్ళకు తక్కువ కాని వారిని లెక్కలో చేర్చాలి. ఈ లెక్క సహాయం పొందేవారి జాబితాయా, లేక సంఘంలో సేవ చేసే విధవరాండ్ర వరుసయా అనేది వ్యాఖ్యాతల మధ్య చర్చ. రెండింటికీ వాక్యభాగంలో ఆధారాలు కనబడతాయి. ఏది ఏమైనా ఒక విషయం స్పష్టం. సంఘానికి ఒక జాబితా ఉంది, ఆ జాబితాకు కొలతలు ఉన్నాయి, ఇంటివారి బాధ్యతను సంఘం తన మీద వేసుకుని వారిని తప్పించలేదు.

2. ఆది సంఘ ఆచరణ

అపొస్తలుల తరువాతి తరాలలో ఈ పని ఆగిపోలేదు. రెండవ శతాబ్దం మధ్యలో యుస్తీను హతసాక్షి తన మొదటి ప్రతివాద గ్రంథంలో ఆదివార ఆరాధనను వర్ణిస్తాడు. అక్కడ రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. రాలేకపోయినవారికి పరిచారకులు ప్రభురాత్రి భోజనపు భాగాన్ని ఇంటికి తీసుకువెళ్ళేవారు. కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది సంఘ నాయకుని యొద్ద ఉంచబడి, అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు ఖర్చు చేయబడేది. బల్ల దగ్గరకు రాలేనివారి దగ్గరకు బల్లే వెళ్ళింది. ఇంటికి ఆహారం చేర్చే నేటి పరిచర్యకు ఇంతకంటే చక్కని మూలం మనం వెదకనవసరం లేదు.

క్రీ.శ. 197 ప్రాంతంలో తెర్తుల్లియను సంఘ నిధి ఖర్చులను చెబుతూ, బీదల పోషణ, వారి సమాధి ఖర్చులు, తల్లిదండ్రులు లేని పిల్లలతోపాటు ఇల్లు కదలలేని వృద్ధులను కూడా పేర్కొన్నాడు. క్రీ.శ. 251లో రోమా బిషప్పు కొర్నేలి వ్రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడైన యూసేబియస్ భద్రపరిచాడు. దాని ప్రకారం రోమా సంఘంలో 46 మంది పెద్దలు, 7 గురు పరిచారకులు ఉండగా, సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, కష్టస్థితిలో ఉన్నవారు 1,500 మందికి పైగా ఉన్నారు. అప్పటికి సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు లేదు, హింస పూర్తిగా ఆగలేదు. అయినా లెక్క ఉంది. నాలుగవ శతాబ్దం చివర అంతియొకయలో ప్రసంగించిన యోహాను క్రిసోస్తము, తమ సంఘం ప్రతిరోజు 3,000 మంది విధవరాండ్రను, కన్యకలను పోషిస్తున్నదనీ, అయినా దాని ఆదాయం ఆ పట్టణపు గొప్ప ధనవంతులలో ఒక్కని ఆదాయానికి సమానం కాదనీ జ్ఞాపకం చేశాడు.

క్రీ.శ. 368-369లో కప్పదొకియలో కరవు వచ్చినప్పుడు, ఇంకా బిషప్పు కాక మునుపే బాసిలు తన ప్రసంగాలతో ధనవంతుల గిడ్డంగులు తెరిపించి, ఆకలిగొన్నవారిని సమకూర్చి, పప్పుధాన్యాల చారు కాచిన కాగులు పెట్టించి, తన చేతులతో వడ్డించాడని అతని స్నేహితుడైన నజియాంజుకు చెందిన గ్రెగోరి చెప్పాడు. అంటే వాక్య పరిచర్య, బల్లల పరిచర్య ఒకే మనిషిలో కలిసి ఉన్నాయి.

ఇక్కడ విరోధి సాక్ష్యం ఒకటి ఉంది. క్రైస్తవ విశ్వాసాన్ని విడిచి పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని చూచిన చక్రవర్తి జూలియన్, క్రీ.శ. 362లో గలతీయ ప్రాంతపు ప్రధాన యాజకుడైన అర్సాకియుకు ఉత్తరం వ్రాశాడు. గలిలయులు తమ బీదలనే గాక మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనవారికి మన సహాయం అందడం లేదు, ఇది మనకు సిగ్గు అని అందులోని భావం. అందుకోసం ఏటా 30,000 కొలతల గోధుమలు మంజూరు చేస్తూ, అందులో ఐదవ వంతు యాజకులను సేవించే బీదలకు, మిగిలినది పరదేశులకు, భిక్షకులకు ఇవ్వాలని ఆజ్ఞాపించాడు. సంఘం విశ్వాసి కానివానికి కూడా అన్నం పెట్టిందనడానికి సంఘాన్ని ద్వేషించినవాని మాట కంటే నమ్మదగిన సాక్ష్యం ఏముంటుంది?

3. తెలుగు నేల నేర్పిన పాఠం

ఆకలి తెలిసిన నేల మనది. ఆకలిగొన్నవారికి పెట్టడం తెలిసిన నేల కూడా. గోదావరి సీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన సంగతి తెలుగువారికి తెలుసు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. సంఘం వెలుపల ఉన్న ఇటువంటి ఔదార్యాన్ని మనం గౌరవంతో గుర్తించాలి. అన్నదానం మన సొంత ఆస్తి ఏమీ కాదు.

సంఘ చరిత్రలో మాత్రం ఆహార సహాయం మనకు ఒక కఠినమైన ప్రశ్న తెచ్చిపెట్టింది. బియ్యం కోసం కలిసినవారు అనే నింద మన పితరుల మీద పడింది, నేటికీ పడుతూనే ఉంది. ఆ నిందకు కోపంతో జవాబు చెప్పేకంటే, 1876-78 మహా కరవు నాటి ఒంగోలు అనుభవాన్ని జాగ్రత్తగా చదవడం మేలు.

ఆ కరవులో మద్రాసు రాష్ట్రంలో లక్షలమంది చనిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వం కరవు పనిగా త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్నవారికి పని, కూలి ఇచ్చాడు. పని చేయించేవారిలో చాలామంది మిషను బోధకులే. వారు పగలు మట్టి పని చూస్తూ, విశ్రాంతి వేళ కూలివారితో వాక్యం చెప్పేవారు. అనేకులు బాప్తిస్మం అడిగారు. అయినా సహాయం అందుతున్న కాలంలో, ఏడాదికి పైగా క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆకలి తీరడానికి విశ్వాసం మెట్టు కాకూడదని ఆయన భావం. సహాయ నిధులు అయిపోయిన తరువాత, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా ప్రజలు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఘటనను మనం తరచు ఆ సంఖ్య కోసమే చెప్పుకుంటాం. దాని ముందున్న నిరీక్షణను చెప్పుకోం. చరిత్రకారులు ఆ సామూహిక ఉద్యమానికి సామాజిక కారణాలను కూడా చూపిస్తారు. కులపు కాడి కింద నలిగినవారికి గౌరవం దొరకడం వాటిలో ముఖ్యమైనది. అది కాదనవలసిన పని లేదు. కాని అన్నానికి, బాప్తిస్మానికి మధ్య క్లౌ గీసిన గీత మనకు పాఠంగా నిలవాలి. అన్నం పళ్ళెం పక్కన కార్డు మీద సంతకం అడిగే పరిచర్య, ఆరాధనకు వస్తేనే సంచి ఇచ్చే పరిచర్య, ఆ గీతను చెరిపివేస్తున్నాయి. ఆకలితో ఉన్నవాడు కాదు అనలేడు. కాదు అనలేనివాని 'అవును'కు విలువ ఎంత?

మన సంఘాల స్త్రీలు నేర్పిన మరొక పాఠం పిడికెడు బియ్యం. అన్నం వండే ముందు ఎసట్లో పోయవలసిన బియ్యంలో నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారానికొకసారి దానిని గుడికి తేవడం మన పల్లె సంఘాల్లో పాత అలవాటు. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఇటువంటి పద్ధతి నేటికీ ఆ సంఘాల సేవకు ఒక ముఖ్య ఆధారంగా ఉంది. ఇందులోని గొప్పతనం పరిమాణంలో లేదు. ధనవంతుని మిగులు కోసం ఎదురుచూడకుండా, బీద ఇల్లాలు తన కుండలో నుండే రోజూ తీస్తుంది. రోజూ తీసినది గనుక రోజూ పెట్టడానికి వీలవుతుంది.

4. నేటి సంఘానికి క్రమం

ప్రభుత్వ సహాయం ఉండగా సంఘం ఎందుకు అని కొందరు అడుగుతారు. ఇది మంచి ప్రశ్నే. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు గల కుటుంబానికి 35 కిలోల ధాన్యం అందుతుంది. 2023 జనవరి నుండి దీనిని ఉచితంగా ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయింది. కాబట్టి నేడు చాలా ఇళ్ళలో కొరత బియ్యానిది కాదు. వండేవారు లేరు, కూర లేదు, వేలిముద్ర పడక రేషను ఆగిపోయింది, కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియదు, మాట్లాడే మనిషి లేడు. సంఘం చేయవలసిన పని ఈ సందులో ఉంది. దీనికి ఏడు సూచనలు చేస్తున్నాం.

మొదటిది, జాబితా. కాపరి, స్త్రీల సమాజం, యౌవనస్థులు కలిసి వీధి వీధి తిరిగి 60 ఏళ్ళు దాటి ఒంటరిగా ఉన్నవారి పేర్లు వ్రాయాలి. ఎవరితో ఉంటున్నారు, వండుకోగలరా, నమలగలరా, ఏ మందులు వాడుతున్నారు, రేషను, పింఛను వస్తున్నాయా అని అడగాలి. జాబితా పూర్తయిన తరువాత మరొక ప్రశ్న వేసుకోవాలి: ఇందులో ఎవరు లేరు? సంఘ పెద్దల బంధువులు అందరూ ఉండి, ఊరి చివరి ఇళ్ళవారు లేకపోతే, వేరే కులం నుండి వచ్చినవారు, వేరే భాష మాట్లాడే వలస కూలీలు లేకపోతే, అది యెరూషలేము నాటి సణుగే. అటువంటి చోట విడువబడిన వీధి నుండే ఒకరిని పరిచారకునిగా ఎన్నుకోవడం వాక్యానుసారమైన విధానం.

రెండవది, ఇంటివారి బాధ్యత. పిల్లలు ఉండి పట్టించుకోని చోట సంఘం అన్నం పెట్టి ఊరుకోకూడదు. పిల్లలతో మాట్లాడాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం వృద్ధులు రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకుని పోషణ కోరవచ్చు. అయితే చాలామంది తల్లులు కొడుకు మీద కాగితం పెట్టడానికి ఇష్టపడరు. వారిని బలవంతపెట్టరాదు. చట్టం ఉందని కొడుకుకు తెలిస్తే చాలాసార్లు అదే చాలు. ఆ సంగతి తేలేలోపు తల్లి ఆకలితో ఉండకూడదు గనుక, అన్నం ఆపకుండానే ఈ మాటలు జరగాలి.

మూడవది, వేళ. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గాని ప్రాణానికి సంబంధించినది. షుగరు మాత్ర వేసుకుని లేక ఇన్సులిన్ తీసుకుని అన్నం కోసం చూసే వృద్ధురాలికి క్యారియర్ రెండు గంటలు ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. 'ఈరోజు ప్రార్థన కూడిక ఆలస్యమైంది' అనే మాట ఆమెకు జవాబు కాదు. రోజూ చేయలేని సంఘం వారానికి రెండు రోజులే పెట్టుకోవచ్చు. కాని ఆ రెండు రోజులు, ఆ వేళ తప్పకూడదు. రాని మనిషిని నమ్ముకోవడం కంటే రాడని ముందే తెలియడం నయం.

నాలుగవది, ఆహారం. వండిన అన్నం బాగా వేడిగా, 60 డిగ్రీలకు పైన ఉండాలి, లేక చల్లబరిచి 5 డిగ్రీల లోపు ఉంచాలి. ఆ మధ్య వేడిలో క్రిములు త్వరగా పెరుగుతాయి. గోరువెచ్చని అన్నంలో పెరిగే కొన్ని క్రిముల విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి పెళ్ళిమండపంలో రాత్రి మిగిలినది మరునాడు మధ్యాహ్నం ముసలివారికి పంచడం దానం కాదు, ప్రమాదం. దానంగా వచ్చిన మిగులు ఆహారాన్ని సేకరించి పంచేవారి కోసం భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నియమాలు ప్రకటించింది. ఈ పని పెద్ద ఎత్తున చేసే సంఘాలు వాటిని తెలుసుకుని పాటించాలి. ఇక వడ్డించేదానిలో ఉప్పు, నూనె తగ్గాలి. పళ్ళు లేనివారికి మెత్తగా వండిన పప్పన్నం, పెరుగన్నం, రాగి జావ వంటివి అనుకూలం. ఆవకాయ మన ప్రేమకు గుర్తు కావచ్చు గాని రక్తపోటు ఉన్నవారికి మేలు చేయదు.

ఐదవది, ఇద్దరిద్దరుగా వెళ్ళడం. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు (మార్కు 6:7). ఒంటరి స్త్రీ ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఒకరు క్యారియర్ అందిస్తుంటే మరొకరు పొయ్యి, నీళ్ళు, మందుల సీసా, మంచం చూడవచ్చు. నిన్నటి అన్నం అలాగే ఉంటే ఎందుకో అడగాలి. పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. తలుపు తీయకపోతే పక్కింటివారిని పిలవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుండి రేషను మళ్ళీ దుకాణాల్లోనే ఇస్తున్నా, 65 ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే చేర్చే ఏర్పాటు ఉంది. అది అందని చోట దుకాణదారునితోను, సచివాలయంతోను మాట్లాడటం కూడా ఈ ఇద్దరి పరిచర్యలో భాగమే.

ఆరవది, లెక్క. 2 కొరింథీ 8:20-21లో పౌలు చందాను గూర్చి ఎవరూ తప్పు మోపకుండునట్లు, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు. వచ్చిన బియ్యం ఎన్ని కిలోలు, వెళ్ళిన భోజనాలు ఎన్ని, మిగిలింది ఎంత అని ఒక పుస్తకంలో వ్రాసి ఇద్దరు సంతకం చేయాలి. నెలకొకసారి సంఘం ముందు చదవాలి. దాతకు చూపించవలసినది ఈ పుస్తకమే.

ఏడవది, మర్యాద. నేడు చేతిలో ఫోను ఉంది గనుక ప్రతి సంచికీ ఒక ఫోటో. ముసలి చేయి కింద, దాత చేయి పైన, వెనుక బ్యానరు. మత్తయి 6:2-4లో ప్రభువు బూర ఊదవద్దన్నది ధర్మం చేసేవారి మేలు కోసమే గాక, పుచ్చుకొనేవారి సిగ్గు కాపాడటానికి కూడా అని మనం గ్రహించాలి. ఒకప్పుడు పది మందికి పెట్టిన చేయి అది. ఆ ముఖం ఊరంతా చూడాలని ఆమె కోరలేదు. ఫోటో తీయకపోతే చందా రాదు అనేవారికి మా మనవి ఒక్కటే: వంట చేస్తున్న సంఘాన్ని ఫోటో తీయండి, తింటున్న తల్లిని కాదు.

5. పుచ్చుకొనేవారు పరిచారకులే

సారెపతు విధవరాలిని (1 రాజులు 17) మనం తరచు సహాయం పొందినదానిగా చెబుతాం. కాని ప్రవక్తకు మొదట రొట్టె పెట్టింది ఆమే. యొప్పేలో తబిత చనిపోయినప్పుడు (అపొ. కా. 9:36-39) ఆమె కుట్టిన వస్త్రాలు చూపుతూ ఏడ్చినవారు విధవరాండ్రే. ఆ పరిచర్యకు సాక్షులు వారే. 1 తిమోతి 5:5లో నిజమైన విధవరాలు రాత్రింబగళ్ళు ప్రార్థనలో నిలిచి ఉండేది.

కాబట్టి మన జాబితాలోని వృద్ధులను కేవలం నోళ్ళుగా లెక్కపెట్టకూడదు. ఒకరు కూర్చునే చోటే చింతపండు గింజలు తీసిపెట్టగలరు. ఒకరు ఆ సంఘం ఎలా మొదలైందో, మొదటి గుడి ఎవరి పాకలో ఉండేదో చెప్పగలరు. ఆ మాటలు వ్రాసుకుంటే మన సంఘ చరిత్రకు ఆధారమవుతాయి. ఒకరు వంటవారి పేర్లు పెట్టి ప్రార్థించగలరు. తాను పుచ్చుకుంటున్నంతగా ఇస్తున్నానని తెలిసిన మనిషి తల ఎత్తుకుని తింటుంది. అప్పుడు క్యారియర్ మోసేవాడు కూడా తాను దాతనని మరచిపోతాడు.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన సంగతులు క్లుప్తంగా ఇవి. ఆహారం చేర్చే పరిచర్య వాక్య పరిచర్యకు చెల్లెలు కాదు, ఒకే పేరు గల సోదరి. ఆది సంఘం దానిని జాబితాతో, లెక్కతో, అనుదినం చేసింది, విశ్వాసి కానివానిని మినహాయించలేదు. మన తెలుగు సంఘాల చరిత్ర అన్నాన్ని విశ్వాసానికి వెలగా పెట్టవద్దని హెచ్చరిస్తున్నది. నేటి వృద్ధుల అవసరం బియ్యం సంచి కంటే, వేళకు వచ్చే మనిషి.

వేదాంత విద్యార్థులు ఈ వేసవి పరిచర్యకు వెళ్ళే గ్రామాల్లో ప్రసంగాంశాలతోపాటు ఒక ఖాళీ నోటు పుస్తకం కూడా తీసుకువెళ్ళాలని మా మనవి. సంఘ కమిటీలు తదుపరి కూడికలో మొదటి అంశంగా ఒక్క ప్రశ్న పెట్టుకోవచ్చు: మన వీధుల్లో ఈ రాత్రి ఒంటరిగా భోంచేసేవారు ఎవరు, భోంచేయకుండా పడుకునేవారు ఎవరు? జవాబుగా ఒక్క పేరు వచ్చినా చాలు. ఆ ఒక్క ఇంటికి, ఒక్క వేళకు, తప్పకుండా వెళ్ళే ఇద్దరిని ఏర్పరచుకుంటే బల్లల యొద్ద పరిచర్య ఆ సంఘంలో మొదలైనట్టే.